మాటలు లేని చిత్రానికి ప్రశ్నపత్రం

చెన్నైలోని ఒక విద్యాసంస్థలో చలనచిత్ర అధ్యయనం పూర్తిచేసిన తెలుగు విద్యార్థి ఒకరు ఇటీవల మా శాఖకు వచ్చి తన అసంతృప్తి చెప్పుకొన్నారు. రెండేళ్లూ సినిమాల గురించి చాలా చదివారట, సినిమా చూడటం మాత్రం నేర్చుకోలేదట. కెమెరా చేతికివ్వలేదన్న బాధ కూడా ఉంది గాని, అది డబ్బుతో తీరే లోటు. మొదటిది అలా తీరదు.

ఆయన చూపిన ప్రశ్నపత్రాలలో ఇతివృత్తం, పాత్రచిత్రణ, సామాజిక నేపథ్యం, సందేశం, ఇవే తిరిగి తిరిగి వచ్చాయి. ఇవి నవలకు వేసే ప్రశ్నలు. ఈ దోషంలో సాహిత్యశాఖలవారమైన మనకూ వాటా ఉంది. సినిమా పాఠ్యాంశం కాగానే మనకు చేతనైన పద్ధతినే దానికి తగిలించాము.

ఈ ప్రశ్నలతో సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం' (1987)ను పరీక్షించి చూడండి. అందులో సంభాషణలే లేవు. నిరుద్యోగి ఒకడు ఒక ధనికుడి స్థానంలో ఖరీదైన హోటలు గదిలో చేరతాడు. ఆ నిశ్శబ్దంలో అతనికి నిద్ర పట్టదు. తన పాత గది పక్కనున్న సినిమాహాలు రొదను టేపు మీద రికార్డు చేసి తెచ్చుకొని, అది వింటూ నిద్రపోతాడు. పేదరికం మనిషి చెవిలో ఎంత లోతుగా ఇంకిపోతుందో ఆ రొద చెబుతుంది. 'నాయకుని పాత్రను చిత్రించుము' అన్న ప్రశ్నకు రాసే నాలుగు పేజీలలో ఆ శబ్దానికి చోటుంటుందా? ఉన్నా, కథలో ఒక సంఘటనగానే ఉంటుంది.

సింగీతం 'మాయాబజార్' (1957) నాటికి కె.వి.రెడ్డి వద్ద సహాయకులు. కె.విశ్వనాథ్ వాహినీ స్టూడియో శబ్దగ్రహణ విభాగం నుంచి దర్శకత్వానికి వచ్చారు. 'శంకరాభరణం' (1980) తీసిన చెవి అక్కడ తయారైందనుకోవటం అతిశయోక్తి కాదు. వడపళనిలోని ఆ ఆవరణే ఆనాటి కళాశాల. (జీతమిచ్చి నేర్పిన కళాశాల!) అందులో అడుగు పెట్టడానికి సిఫారసు కావాలి, స్త్రీలకు దాదాపు చోటు లేదు, కాబట్టి దాన్ని మరీ పొగడనక్కరలేదు. తెలుగు పరిశ్రమ హైదరాబాదుకు తరలింది. వాహినీ స్థలంలో నేడు ఆసుపత్రి, దుకాణ సముదాయం ఉన్నాయి. అక్కడి పని ఇక తరగతిగదే చెయ్యాలి. చెయ్యలేదనటానికీ వీల్లేదు: 'గీతాంజలి' (1989)కి ఆ వెలుగునిచ్చిన పి.సి.శ్రీరామ్ మద్రాసు ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవారే.

సిద్ధాంతపాఠాలే వద్దంటారు ఆ విద్యార్థి. అక్కడ మాత్రం మేము అంగీకరించలేము. ఆ రొద ఎందుకు వినాలో చెప్పగలిగేది సిద్ధాంతమే. మా వచ్చే పరీక్షలో ఒక ప్రశ్న ఇలా ఉండవచ్చు: 'పుష్పక విమానంలో హోటలు గది దృశ్యాన్ని తెరవైపు చూడకుండా విని, విన్నదాన్ని వరుసగా రాయండి.' మార్కుల సంగతి తరువాత చూసుకోవచ్చు.