జంటగా లోకసంచారము

దేశములు చూచినవారు లక్షలాదిగా కలరు. దేశాటనము చేయుట తెలిసినవారు మాత్రము బహుస్వల్పము. ఎవరో ఏర్పరచిన బస్సులో ఎవరో చెప్పిన వేళకు ఎక్కి, ఎవరో వ్రేలు పెట్టి చూపినదానిని చూచి వచ్చుట వేరు. భార్యాభర్తలిద్దరే తమ సంచి తాము మోసికొని, తమ త్రోవ తాము వెదకికొని, తమ సొంత సొమ్ముతో సరిహద్దులు దాటి సముద్రములు దాటి వచ్చుట వేరు. ఈ రెండవదానిని నేను కళగానే ఎంచుచున్నాను. ఆ కళలో ఆరితేరినవారిని తలచినప్పుడెల్ల చేతులెత్తి నమస్కరింపవలెననిపించును.

వారిలో నా దృష్టికి అగ్రగణ్యులు టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు. ఆయన ఇంజనీరు విద్య నేర్చిన ఆంగ్లేయుడు, ఆమె బెల్‌ఫాస్టు నగరపు పడుచు. 1972లో పాత ఆస్టిన్ మినీవ్యాను నొకదానిని చౌకగా కొని, లండనునుండి తూర్పుముఖముగా సాగి, టర్కీ, ఇరాను దేశములు దాటి, కాబూలులో దానిని అమ్మివేసి, అటుపైని దొరికిన బస్సులోను రైలులోను పాకిస్తాను, భారతదేశము, నేపాళము, థాయిలాండు మీదుగా బాలిద్వీపము చేరి, ఒక చిన్న తెరచాప నావలో ఆస్ట్రేలియా పడమటి తీరమున దిగి, దారిన పోవు బండ్లను ఆపి ఎక్కుచు, డిసెంబరు నెలాఖరున సిడ్నీ చేరునప్పటికి ఆ ఇరువురికిని కలిపి మిగిలినది 27 సెంట్లు! ఎట్లు వచ్చితిరి, ఎంత అయినది అని అడిగినవారికెల్ల చెప్పలేక 1973లో ‘ఎక్రాస్ ఏషియా ఆన్ ది చీప్’ అను నూరు పుటలైనను లేని పొత్తమును వ్రాసి, వంటింటి బల్లమీదనే పుటలు పేర్చి, అంచులు కత్తిరించి, పిన్నులు కొట్టి అమ్మిరి. మొదటి 1,500 ప్రతులు కొద్ది దినములలోనే చెల్లిపోయెను. తరువాత మోటారుసైకిలుమీద ఆగ్నేయాసియాలో తిరిగి, సింగపూరులో ఒక చవుక హోటలు గదిలో కూర్చుండి, ఆ దేశముల యాత్రికులకై 1975 నాటి పసుపుపచ్చ అట్ట పుస్తకమును సిద్ధపరచిరి. నా మట్టుకు ఈ విద్యకు అదియే మూలగ్రంథము.

ఇస్తాంబూలునుండి కాఠ్మండువరకు నేలమార్గమున సాగిన ఆ బాట 1979లో ఇరాను విప్లవముతోను, ఆ యేటి చివర ఆఫ్‌ఘనిస్తానములో సోవియట్ సేనలు ప్రవేశించుటతోను మూతపడెను. బాట మూతపడినను వ్రాత నిలిచెను. అట్లు బాటసారికి పనికివచ్చునట్లు వ్రాయుట మనకును క్రొత్త కాదు. 1830–31లో చెన్నపట్టణమునుండి కాశికి పోయి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఏ మజిలీలో అంగళ్లు కలవో, ఎచ్చట నీరు మంచిదో, ఎచ్చట దిగుటకు వసతి కలదో వ్రాసియుంచిరి. పెద్ద పరివారముతో పోయినను, ఆయన కన్ను మాత్రము ఒంటరి బాటసారి కన్ను.

ఇక మెలకువలు. మూడంతస్తులు ఎక్కుటకు అడ్డమైన బరువు ఏదైనను ఇంటిలోనే ఉండవలెను. ఒంటిమీది జత గాక మరి రెండు జతలు చాలును. డబ్బు ఒక్కచోట ఉంచరాదు. ఒకరి పాస్‌పోర్టు నకలు ఇంకొకరి వద్ద ఉండవలెను. సరిహద్దుకు ప్రొద్దుటిపూటనే చేరవలెను; చీకటిపడిన పిమ్మట ఆవలి ఒడ్డున నిలిచినవానితో బేరమునకు దిగు దళారికి జాలి యుండదు. అచ్చట మార్చుకొను సొమ్ము బస్సు చార్జీకిని, ఒక పూట భోజనమునకును సరిపోవునంతయే.

ఇద్దరుండుటలోని లాభము క్రొత్త ఊరిలో బస్సు దిగిన మొదటి గంటలో తెలియును. ఒంటరివాడు వీపున బరువుతో, చుట్టును మూగిన హోటలు దళారుల కేకలతో తబ్బిబ్బయి ఏదో ఒక గదికి తలయొగ్గును. తెలిసిన జంటలో ఒకరు సామానుతో టీ దుకాణపు బల్లమీద కూర్చుందురు. ఇంకొకరు చేతులూపుకొనుచు పోయి మూడు నాలుగు బసలు చూచి వత్తురు. చూచుట యనగా గుమ్మమునుండి తొంగిచూచుట కాదు. కుళాయి త్రిప్పి, నీరు వచ్చిన పిమ్మట వేడినీరు ఏ వేళకు వచ్చునో అడిగి, దుప్పటి ఎత్తి పరుపు కుట్ల వెంబడి నల్లుల జాడ పరికించి, తలుపు గడియ లోపలినుండి గట్టిగా పడునో లేదో వేసి చూచి, కిటికీ తెరచి వెనుక జనరేటరు లేదని రూఢిచేసికొని, అప్పుడు ధర మాట ఎత్తవలెను. ఈలోగా టీ పోసిన మనిషి బల్లమీదివారికి ఊరి సంగతులు సగము చెప్పియే యుండును. ఒకనాటి నిర్ణయము ఆమెది, మరునాటిది ఆయనది అను ఏర్పాటు కూడ మంచిదే. అలసిన వేళ ఎవరి మాట నెగ్గవలెనను తగవు ఉండదు.

మహనీయుల సాహసములు ఎన్నని చెప్పుదును! అర్జెంటీనాకు చెందిన హెర్మన్, కాండెలారియా జాప్ దంపతులు కఱ్ఱ ఆకుల చక్రములుగల 1928 నాటి గ్రాహం-పేజ్ కారులో 2000 జనవరిలో అలాస్కాకని బయలుదేరి, 2022 మార్చిలో ఇల్లు చేరిరి. నడుమ 102 దేశములు. దారిలోనే నలుగురు బిడ్డలు! సంసారము పెరుగగా కారును కోసి పొడిగించి సీట్లు వేసికొనిరి. చేతిసొమ్ము నిండుకొన్నప్పుడు ఈక్వడారులో ఆమె పక్షుల బొమ్మలు వ్రాయగా ఆయన చట్రములు కట్టి అమ్మెను. జర్మనీవాడగు గుంథర్ హోల్టార్ఫ్ ‘ఓట్టో’ అని పేరు పెట్టుకొన్న మెర్సిడెస్ బండిలో భార్య క్రిస్టీన్ తోడుగా ఏండ్ల తరబడి తిరిగి, 2010లో ఆమె గతించిన పిమ్మట కూడ సాగి, 2014లో నిలుచునప్పటికి దాదాపు 9 లక్షల కిలోమీటర్లు నడిపెను. మన దేశీయులగు సలూ, నీనా చౌధురీ దంపతులు 1989లో కాంటెస్సా కారులో ఢిల్లీనుండి ఢిల్లీకి 70 దినములలోపల భూమిని చుట్టి ప్రపంచ రికార్డు నెలకొల్పిరి. వారి ధైర్యమునకు జోహారు. కాని పక్షపాతమని ఎవరేమన్నను, నా ఓటు నిదానముగా తిరిగినవారికే.

ఇప్పుడు ఈ విద్యకు పట్టిన గతి చూచిన కడుపు మండుచున్నది. ‘పది దినములు, ఏడు దేశములు’ అని ప్రకటనలు! ఈఫిల్ స్తంభము ఎదుట బస్సు ఆపి, ఫోటోలకు అరగంట ఇచ్చి, లెక్కపెట్టి మరల ఎక్కించుకొని, రాత్రికి పప్పన్నము వడ్డించి పంపుట యాత్రయట! వృద్ధులను, అశక్తులను నేను ఆక్షేపింపను. కాళ్లలో సత్తువ ఉండియు ఇరువదియైదేండ్ల దంపతులు ఆ గుంపులో కలియుట చూడలేకున్నాను. దీనికంటె హీనమైనది ఇంకొకటి కలదు. హోటలువారు ఊరక ఇచ్చిన గదిలో బసచేసి, ఊరక పెట్టిన విందు తిని, ‘మేమే స్వయముగా కనుగొన్న చోటు’ అని వీడియోలలో లోకమునకు సలహాలు చెప్పు జంటలు! మెచ్చుకోలు వ్రాయుటకు ఉచితములు స్వీకరింపరాదని వీలర్ దంపతులు తమ పుస్తకముల ప్రచురణకై నెలకొల్పిన సంస్థ తన రచయితలకు నియమము పెట్టుకొన్నది. నల్లులున్నచోట నల్లులున్నవని వారు వ్రాసిరి గనుకనే లక్షలమంది నమ్మిరి. 2007లో వారు ఆ సంస్థలో మూడువంతులు బీబీసీవారి వ్యాపారశాఖకు అమ్మినప్పుడు, 2011లో మిగిలినదియు ఇచ్చివేసినప్పుడు, అది వారి హక్కేయైనను, నా బోటివారికి కష్టము తోచెను. తన డబ్బు చెల్లించి కుక్కిమంచముమీద పడుకొన్నవాని మాటకు ఉన్న విలువ, అద్దెకు పలికిన ప్రశంసకు ఎన్నటికిని రాదు.

క్రొత్తగా పెండ్లియైన తెలుగు పిల్లలకు నా మనవి ఒకటి. మొదటి యాత్రకు అప్పులు చేసి ఐరోపాకు పోనక్కరలేదు. సికింద్రాబాదునుండి గోరఖపూరునకు రైలు కలదు. అచ్చటినుండి బస్సులో సునౌలి చేరి, సరిహద్దు ద్వారము నడచియే దాటవచ్చును. నేపాళమునకు మనకు వీసాతో పనిలేదు. ఓటరు కార్డుగాని పాస్‌పోర్టుగాని చాలును. నూరు రూపాయల నోట్లు, అంతకు చిన్నవి దగ్గర పెట్టుకొనుడు. పొఖరాకు పగటి బస్సు ఎక్కుడు, రాత్రి బస్సు వద్దు. ఆ కొండదారి చూచుటకే గదా పోవుట. అచ్చట దిగగనే ఒకరు టీ దుకాణములో కూర్చుండి, ఇంకొకరు గదులు చూచి రండు.