రిఫర్ చేసిన తర్వాత తోడెవరు?

కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు వెలువరించింది. అంతకు ముందే, 2017లో, తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. గర్భిణిని గౌరవంగా చూడాలన్న మాట సర్కారు కాగితం మీదికి రావటం చిన్న విషయం కాదు. కాన్పుల గదిలో మన ఆడవాళ్లు ఎన్ని మాటలు పడ్డారో మనకు తెలుసు. ఈ పథకాన్ని కొట్టిపారేయటానికి మేమిది రాయటం లేదు. అది ఎక్కడ ఆగిపోతోందో చెప్పటానికి రాస్తున్నాం.

అది ఆగేది టిఫా స్కానింగు దగ్గర. 18 నుంచి 22 వారాల మధ్య చేసే ఈ స్కానింగులో బిడ్డకు పుర్రె ఏర్పడలేదనో, వెన్ను మూసుకోలేదనో, గుండెలో లోపముందనో బయటపడుతుంది. మార్గదర్శకాల ప్రకారం మిడ్‌వైఫు చూడవలసింది ప్రమాదం లేని కాన్పుల్ని. తేడా కనిపిస్తే పై ఆసుపత్రికి పంపాలి. వైద్యం రీత్యా సబబే. కానీ నెలల తరబడి కడుపు మీద చెయ్యి వేసి చూసిన మనిషి, ఆ తల్లికి ఒక మనిషి కావలసిన రోజునే చేతిలో చీటీ పెట్టి పక్కకు తప్పుకోవలసి వస్తోంది. తప్పు ఆమెది కాదు, ఆమె పనికి గీసిన గీతది.

పై ఆసుపత్రిలో రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. మొదటి ప్రశ్న: "మేనరికమా?" కారణం తెలియాలంటే అడగవలసిన ప్రశ్నే. అడిగే తీరులో అది నేరారోపణ అయిపోతుంది. మేనరికాలు అగ్రకులాల ఇళ్లలో లేవా? వాళ్లను "మీ జనం ఇంతే" అని ఎవరంటారు? వెన్ను లోపాల్ని తగ్గించే ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం నిలవక ముందు నుంచే వేసుకోవాలి. గర్భం నిలిచిన 28 రోజులకల్లా ఆ వెన్నుగొట్టం మూసుకుపోవాలి మరి. నెల తప్పి, పేరు రాయించుకున్నాక మాత్ర చేతిలో పెట్టి, ఆ తర్వాత తల్లినే నిందించటం ఏం న్యాయం?

ఇక చట్టం. 2021 సవరణ ప్రకారం 24 వారాలు దాటాక తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు నిర్ణయించాలి. బోర్డు 3 రోజుల్లో అభిప్రాయం చెప్పాలి, తగిన కౌన్సెలింగుతో 5 రోజుల్లోగా గర్భస్రావం జరిగేలా చూడాలి. ఆ కౌన్సెలింగు ఎవరు చెయ్యాలి? ఏ భాషలో? బోర్డులో గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు తప్పనిసరి. మిడ్‌వైఫు ప్రస్తావన లేదు. బిడ్డను ఉంచుకుంటామనే కుటుంబానికి కూడా తోడు కావాలి కదా! తీయించుకోమని గానీ, ఉంచుకోమని గానీ చెప్పటం మిడ్‌వైఫు పని కాదు. విన్నదాన్ని మన మాటల్లో మళ్లీ చెప్పటం, మర్నాడు ఇంకోసారి చెప్పటం, బిడ్డను చూస్తావా అని అడగటం ఆమె పని. ఐదో నెలలో బిడ్డ పోయినా రొమ్ముల్లో పాలు పడతాయి. ఆ సంగతి ముందుగా చెప్పేవాళ్లు లేక ఇంటికెళ్లాక రైక తడిసినప్పుడు ఆ తల్లి ఏమైపోవాలి?

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల్లో, బతికే దశకు చేరని పిండం పసుపుపచ్చ సంచిలో వెయ్యవలసిన వాటి జాబితాలో ఉంది. ఆ సంచి ఎత్తేదెవరు? ఊళ్లో బొడ్డు కోసింది, మాయను పాతిపెట్టింది, చచ్చి పుట్టిన బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకుపోయింది ఎక్కువగా మాదిగ, మంగలి ఆడవాళ్లే. కాన్పు అయ్యేదాకా చేతులు కావాలి, అయ్యాక ఆ చేతులే అంటు. ఆ మంత్రసాని తెలివిని మురికి పని అన్నారు, పనికిరాదన్నారు. ఇప్పుడు అవే కులాల ఆడవాళ్లు చాలామంది కాంట్రాక్టు మీద ఆయమ్మలయ్యారు. రాత్రి పూట ఏడుస్తున్న తల్లి పక్కన కూచునేదీ తరచుగా వాళ్లే. డబ్బులడుగుతారని వాళ్లను తిట్టేవాళ్లలో మనమూ ఉన్నాం, వాళ్ల జీతమెంతో ఎప్పుడైనా అడిగామా?

రిఫరల్ చీటీతో పాటు మిడ్‌వైఫు కూడా వెళ్లే ఏర్పాటు కావాలి. బిడ్డ పోయిన తల్లిని పసిపిల్లల ఏడుపు వినపడని గదిలో ఉంచాలి. ఆయమ్మలకు ఈ పనిలో శిక్షణ, పర్మనెంటు ఉద్యోగం ఇవ్వాలి. మా దగ్గర మంత్రసాని పని చేసినవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. శిక్షణ ఇచ్చేవాళ్లు వాళ్ల దగ్గరికి ఒక్కసారైనా వచ్చి కూచోవాలి.