ఒక్కరోజు అంతరిక్ష యాత్ర: చూచినదెంత, తెలిసినదెంత?

కల్హేర్ నుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం. విద్యార్థులను అక్కడికి తీసుకుపోయి, అంతరిక్ష ప్రదర్శనం చూపించి, రాత్రికి ఇల్లు చేర్చవలెనంటే తెల్లవారకముందే బస్సు కదలాలి. రానుపోను ప్రయాణానికే ఐదారు గంటలు పోతాయి. భోజనానికీ, వరుసలో నిలబడడానికీ పోగా చూడడానికి మిగిలేవి మూడు గంటలు. నారాయణఖేడ్ ప్రాంతపు రైతుబిడ్డకు ఇటువంటి అవకాశం బడి చదువు మొత్తంలో ఒక్కసారి వస్తే గొప్ప. కనుక ఆ మూడు గంటలు ఎట్లా గడుస్తున్నాయో విమర్శించి చూడడం అవసరం.

చూడదగిన స్థలాలకు కొరత లేదు. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద బిర్లా నక్షత్రశాల 1985లో ప్రారంభమైంది. దాని పక్కనే విజ్ఞాన ప్రదర్శనశాల 1990లోనూ, అంతరిక్ష విభాగం 2019లోనూ వెలిశాయి. రాకెట్టు ఎగరడాన్ని కళ్ళారా చూడడానికి శ్రీహరికోటలో 5,000 మంది కూర్చోగల ప్రాంగణం కూడా 2019లోనే ఏర్పడింది. కాని అది మనకు ఒక్కరోజు ప్రయాణం కాదు. ఇక్కడ చెప్పబోయేది ఏ ఒక్క సంస్థ మీదా ఫిర్యాదు కాదు. యాత్రను నడిపే మన పద్ధతి మీద విమర్శ మాత్రమే.

ఆ పద్ధతి అందరూ ఎరిగినదే. మార్గదర్శి ముందు నడుస్తాడు, పిల్లలు వెనుక పరుగెడతారు. రాకెట్టు ఇంత ఎత్తు, ఇంత బరువు, ఫలానా సంవత్సరంలో పోయింది అని అంకెలు వినబడతాయి. పిల్లలు వాటిని నోటుపుస్తకాలలో ఎక్కించుకుంటారు. ‘ఎంత’ అన్నదానికి జవాబు దొరుకుతుంది. ‘ఎందుకు’ అన్నది ఎవరూ అడగరు. పరీక్షగా మూడు విషయాలు తీసుకుందాం.

మొదటిది బరువు. 2016 డిసెంబరు 7న మన పిఎస్‌ఎల్‌వి రాకెట్టు రిసోర్స్‌శాట్-2ఎ అనే ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. బయలుదేరినప్పుడు రాకెట్టు బరువు సుమారు 320 టన్నులు. ఉపగ్రహం బరువు 1,235 కిలోలు. అనగా వెయ్యింట నాలుగు వంతులైనా లేదు. మిగిలినదంతా ఏమైంది? అందులో చాలా భాగం ఇంధనమే. దాన్ని మండించి, వాయువులను వెనుకకు చిమ్మి, ఆ ప్రతిచర్యతోనే రాకెట్టు ముందుకు పోతుంది. ఖాళీ అయిన అంచెలను ఒక్కొక్కటిగా వదలిపెడుతుంది. న్యూటను మూడవ నియమానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. ఆ నియమాన్ని తలచుకోకుండా రాకెట్టు నమూనా చూస్తే, పెద్ద తారాజువ్వను చూచినట్లే.

రెండవది దూరం. నమూనాలలో భూగోళం, ఉపగ్రహం పక్కపక్కన ఉంటాయి గాని కొలత ప్రకారం ఉండవు. మన తరగతిలోని గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లు అనుకొందాం. 817 కిలోమీటర్ల ఎత్తున తిరిగే రిసోర్స్‌శాట్ దానికి రెండు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. టెలివిజను ప్రసారాలకు వాడే, 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం 85 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. చంద్రుడైతే తొమ్మిది మీటర్ల అవతల, అనగా గది దాటి వరండాలో ఉంటాడు. ఈ పాఠానికి హైదరాబాదు పోనక్కరలేదు. ఒక దారపుండ చాలు.

మూడవది ఆకర్షణ. గాలిలో తేలే వ్యోమగామి బొమ్మ దగ్గర ‘అక్కడ భూమ్యాకర్షణ ఉండదు’ అనే మాట తరచుగా వినబడుతుంది. అది పొరపాటు. 400 కిలోమీటర్ల ఎత్తున భూమి ఆకర్షణ ఇక్కడి దానిలో నూటికి 88 వంతులు ఉంటుంది. నల్లవాగు కట్ట మీద నిలబడి రాయి విసిరితే అది వంపు తిరిగి నీటిలో పడుతుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే నౌక కూడా అట్లే పడుతూ ఉంటుంది. కాని భూమి వంపు కూడా అంతే వేగంగా తప్పుకుంటూ పోవడం వల్ల నేలను చేరదు. నౌక, మనిషి కలిసి పడుతున్నారు కనుక మనిషికి బరువు తెలియదు. ఒక్క తప్పుమాట బస్సుతో పాటు ఊరికి వచ్చిందంటే దాన్ని తుడిచివేయడానికి ఎన్నో పాఠాలు పడతాయి.

అయితే యాత్ర దండుగ అనడం న్యాయం కాదు. గుమ్మటం కింద చీకటిలో ఆకాశం తిరగడం చూచిన పిల్లవాడికి కలిగే ఆశ్చర్యాన్ని నల్లబల్ల ఇవ్వలేదు. కాని ఆశ్చర్యం విత్తనం వంటిది; దున్నిన నేలలో పడితేనే మొలుస్తుంది. ఆ దున్నడం ఉపాధ్యాయుని పని. బయలుదేరే ముందు వారం రెండు పాఠాలు చెప్పి, ప్రతి విద్యార్థి చేత ఒక ప్రశ్న రాయించవలె. అన్ని గదులూ పరుగెత్తి చూడడం కంటె రెండు గదులు నిలబడి చూడడం మేలు.

తిరిగి వచ్చిన తరువాత అసలు పాఠం మొదలవుతుంది. రిసోర్స్‌శాట్-2ఎలోని ఒక కెమెరా నేలను 23.5 మీటర్ల చదరాలుగా చూస్తుంది. ఒక్కొక్క చదరం సుమారు ఐదున్నర గుంటలు. ఎకరానికి ఏడు చదరాలు. నీరు పరారుణ కాంతిని పీల్చుకుంటుంది కనుక ఆ చిత్రాలలో నల్లవాగు జలాశయం నల్లగానే కనిపిస్తుంది. పచ్చని పైరు ఆ కాంతిని బాగా పరావర్తనం చేస్తుంది కనుక దానికి ఎరుపు రంగు వేస్తారు. తన తండ్రి పొలం ఎన్ని చదరాలో కల్హేర్ విద్యార్థి లెక్క కట్టిననాడు అంతరిక్షం అతనికి హైదరాబాదులో చూచిన వింత కాదు, తన ఊరి సంగతి. యాత్ర ఫలించిందో లేదో చెప్పవలసినది ఆ లెక్కే గాని, మెట్ల మీద తీయించుకున్న ఫోటో కాదు.