హల్లులు ఎక్కడ పోతున్నాయి?

"పాట ఇనొస్తుంది గని మాట ఇనొస్తలేదు కొడుకా."

మా అమ్మ ఈ మాట ఏడాదిగా అంటోంది. నేను లేచి వాల్యూమ్ పెంచేవాణ్ని. ఆమె మళ్లీ అదే అనేది.

మా ఊరు మర్రిగూడలో, ఇంటి ముందు గదిలో ఉన్న సెట్టు పాతది. ఒక క్యాసెట్ డెక్, 25 వాట్ల యాంప్లిఫయర్, బీరువా మీద రెండు చెక్క బాక్సులు. అమ్మ వినేది ఎక్కువగా ఒగ్గు కథలు. మల్లన్న కథ, బీరప్ప కథ. ఈసారి పత్తి అమ్మినాక సెట్టు కోసమని 10,000 రూపాయలు పక్కకు తీసి పెట్టాను. ఆ డబ్బుతో అన్నీ మారవు, మారితే ఒకటే మారుతుంది. "యాంప్లిఫయర్ మారుద్దాం నాయినా, రెండు వందల వాట్లది దొరుకుతుంది" అన్నాడు మా వాడు. నేనూ ముందు అటే మొగ్గాను. తర్వాత అమ్మ అన్న మాటను జాగ్రత్తగా ఆలోచించాను. పాట వినబడుతోంది, మాట వినబడటం లేదు. అది చప్పుడు చాలక వచ్చిన ఇబ్బంది కాదు.

పాట అచ్చుల మీద సాగుతుంది. కథకుడు "ఓ" అని, "ఆ" అని గొంతు లాగినప్పుడు బలమంతా కింది స్థాయిలో ఉంటుంది, ఎంత పాడైన స్పీకరైనా దాన్ని మోసేస్తుంది. మాటను మాటగా నిలబెట్టేవి హల్లులు. త, క, చ, స అన్నీ క్షణంలో వచ్చిపోయే చిన్న చప్పుళ్లు. వాటి గుర్తులు చాలావరకు 2,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటాయి, సకారమైతే ఇంకా చాలా పైకి పోతుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. అందుకే ఫోన్లో పేరు చెప్పేటప్పుడు "సీతలో స" అని విడమరిచి చెప్పాల్సి వచ్చేది. మా ఇంట్లో సెట్టు అమ్మకు అచ్చులు అందించి, హల్లుల్ని ఎక్కడో జారవిడుస్తోంది. పైగా ఒగ్గు కథలో డోలు ఉంటుంది. బాస్ పెంచితే డోలు గది నిండా మోగుతుంది, కథ దాని కింద మునిగిపోతుంది.

వాట్ల సంగతి చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పరు. 25 వాట్లను 50 చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కాస్త ఎక్కువైనట్టు తెలుస్తుంది, అంతే. రెట్టింపు మోగినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల పవరు. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు చాలాసేపు ఒక వాటు కూడా ఖర్చు కాదు. 90లలో అట్టపెట్టెల మీద పీఎంపీఓ అని, క్షణమాత్రపు పవరు లెక్కతో, వేల వాట్లు అచ్చేసేవాళ్లు. ఆ అంకె చూసి నేనూ ఒకసారి ఒక దుకాణంలో డబ్బు పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇంకా ఉంది, అందుకే ఈసారి పైసా తీసే ముందు తప్పెక్కడో తేల్చుకోవాలనుకున్నాను.

మొదట యాంప్లిఫయర్‌కు హెడ్‌ఫోన్ పెట్టి విన్నాను. స్పీకర్లు, గది రెండూ పక్కకు పోతాయి కాబట్టి మిగిలిన తప్పు బయటపడుతుంది. మాట సగమే తేటగా ఉంది. డెక్ మూత తీసి చూస్తే హెడ్ మీద టేపు రాలిన గోధుమరంగు పొర, వేలితో గీస్తే గీత పడేంత. పుల్లకు దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి తుడిచాను. నాలుగో దూదికి గానీ తెల్లగా రాలేదు. హెడ్ పక్కన ఒక చిన్న మర ఉంటుంది, హెడ్ టేపుకు నిటారుగా నిలిచేది దానితోనే. పల్చటి స్క్రూడ్రైవర్‌తో, క్యాసెట్ నడుస్తుండగానే, వెంట్రుకవాసి తిప్పుతూ విన్నాను. ఒకచోట మబ్బు పట్టినట్టున్న గొంతు, అక్కడినుంచి కాస్త జరగగానే "శివ" అన్నప్పుడు "శ" పళ్ల మధ్యనుంచి వచ్చినట్టు వినబడింది. అక్కడ ఆపేశాను. క్యాసెట్ టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లకు లోపే, అది సెకనుకు 5 సెంటీమీటర్లు కూడా నడవదు. అంత సన్నటి వ్యవహారంలో హెడ్ రవ్వంత ఒరిగినా ముందుగా పోయేవి హల్లులే.

1970లలో స్కాట్లాండ్‌లోని లిన్ కంపెనీ, మొదట బాగుపడాల్సింది రికార్డు తిప్పే టర్న్‌టేబులేనని గట్టిగా వాదించింది. మొదట్లో పోయినదాన్ని తర్వాతి పరికరమేదీ తిరిగి తేలేదు కదా అన్నది వాళ్ల తర్కం. తర్కం నిజమే. కానీ మనలాంటి వాళ్ల ఇంట్లో ఆ మొదటి చోటుకు కావలసింది ముందు దూదీ ఓపికా, డబ్బు కాదు.

ఇప్పుడు హెడ్‌ఫోన్‌లో మాట తేటగా ఉంది కాబట్టి యాంప్లిఫయర్ తప్పు లేదని తేలింది. స్పీకర్ల మీద మాత్రం ఇంకా మసకే. కుడి, ఎడమ వైర్లు ఇటుదటు మార్చాను. తప్పు యాంప్లిఫయర్‌దైతే అటు మారాలి. మారలేదు, ఎడమ బాక్సుతోనే ఉండిపోయింది. విప్పి, పై చప్పుళ్లు పలికే చిన్న స్పీకరు ట్వీటర్‌కు మీటరు పెడితే ముల్లు కదలలేదు, లోపలి తీగ తెగింది. కుడిదాని ట్వీటర్ పలుకుతోంది గానీ బలం లేదు. రెండు బాక్సుల్లోనూ పెద్ద స్పీకరు చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలు తగిలితే నల్లటి పొడిగా రాలింది. ఒక్క ట్వీటరే పోయి ఉంటే అదొక్కటే మార్చేవాణ్ని. అన్నీ ఒక్కసారే వయసైపోయాయి.

ఇంకొకటి ఉంది, దాన్ని నేను ముందే చూసి ఉండాల్సింది. పై హల్లుల చప్పుడు టార్చిలైటు వెలుగులా నేరుగా పోతుంది, డోలు మోతలా గదంతా పరుచుకోదు. బాక్సులు బీరువా మీద, అమ్మ నులక మంచం మీద. మా ప్రాంతంలో ఆ తరం తాగిన నీళ్ల సంగతి తెలిసిందే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఫ్లోరైడ్ మా చాలా బోర్లలో అంతకెంతో ఎక్కువ ఉండేది. దాంతో ఎముకలు బిగుసుకుపోయి అమ్మ మెడ పక్కకు తిరగదు, పైకి లేవదు. చప్పుడు వచ్చే దిక్కుకు మొహం తిప్పి వినడం మనం తెలియకుండానే చేసే పని. ఆమె చేయలేదు. స్పీకరే ఆమె మొహం ముందుకు రావాలి.

మాల్ ఊరి మీదుగా బస్సులో హైదరాబాద్ పోయి కోఠీలో గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. అమ్మ వినే మల్లన్న కథనే ఫోన్లోకి ఎక్కించి తీసుకుపోయాను. బాస్, ట్రెబుల్ రెండూ మధ్యలో పెట్టమన్నాను, వాల్యూమ్ బాగా తగ్గించమన్నాను. పెద్దగా పెడితే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి. నేల మీద కూచుని విన్నాను. రెండు జతలు నచ్చాయి. ఒకదాని సెన్సిటివిటీ 87 డెసిబెల్స్, రెండోది 90. ఒకే వాటుకు రెండోది 3 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది, అంటే మా 25 వాట్ల యాంప్లిఫయర్‌ను 50 చేసినంత లెక్క. పైగా అది 8 ఓమ్‌లది, 4 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే పాత యాంప్లిఫయర్ వేడెక్కుతుంది. రెండో జతే తీసుకున్నాను, ఒకరు వాడినవే, బేరమాడితే 6,800కు వచ్చాయి.

ఇంట్లో రెండు ఎత్తుపీటలు వేసి, మంచం మీద అమ్మ చెవి ఎత్తుకు సరిగ్గా పెట్టాను. గోడ మూలల్లోంచి మూరెడు ముందుకు జరిపితే డోలు తగ్గింది. స్లాబు గది, గచ్చు నేల, చప్పట్లు కొడితే గంగుమంటుంది. ఎదురు గోడకు పాత బొంత ఒకటి వేలాడదీశాం. చివరగా ఒక టార్చి సెల్లుతో ప్రతి స్పీకరునూ పరీక్షించాను. ప్లస్‌కు ప్లస్ తగిలిస్తే రెంటి కోనూ ముందుకే రావాలి. ఒకటి వెనక్కి పోయింది, బాక్సు లోపల ఎవరో వైర్లు తారుమారు చేశారు. సరిచేశాక రెండు బాక్సుల మధ్య, ఖాళీ చోట, కథకుడు నిలబడ్డట్టు గొంతు వచ్చింది.

అమ్మ కళ్లు మూసుకుని వింది. మల్లన్న కథలో ఒకచోట కథకుడు ఆగితే, వెనక వంతపాట కంటే ముందే "ఆఁ" అంది. కాసేపటికి నన్ను పిలిచింది.

"కొంచెం తగ్గించు కొడుకా."

ఇంకా పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. రెండింటికి టేపును హెడ్‌కు ఒత్తే చిన్న మెత్త ఊడిపోయింది. మిగిలిన డబ్బులోంచి వోల్టేజికి స్టెబిలైజర్ కొనాలి. మెత్తల పని మాత్రం వచ్చే ఆదివారం చేస్తాను.