సేఠ్‌ల పాంజ్రాపోల్, కనాబ్ కుక్కల ఊరు

గోశాల ఎలా నడుస్తుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. గేటు పక్కన హుండీ, పెళ్లిరోజుకో తద్దినానికో గడ్డిమోపులు, గోడ మీద దాతల పేర్లు చెక్కిన రాతిపలక. దాని దగ్గరి బంధువైన, దిక్కులేని జంతువుల ఆశ్రయం బొంబాయి పాంజ్రాపోల్ పుట్టుక వెనక ఉన్నది ఆవులు కాదు, వీధికుక్కలన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. 1832లో ఇంగ్లీషువాళ్లు వాటిని చంపించబోతే ముందు తిరగబడింది పార్శీలు. శవానికి కుక్క చూపు సోకాకే అంత్యక్రియలు సాగే ఆచారం వాళ్లది. కొట్లు మూతపడ్డాయి, అల్లర్లు రేగాయి. రెండేళ్లకు జంషెట్జీ జీజీభాయ్, తోటి సేఠ్‌లు కలిసి పాంజ్రాపోల్ పెట్టారు.

అమెరికాలో యూటా రాష్ట్రం కనాబ్ దగ్గర, ఎర్రరాతి లోయలో 1984లో వెలిసిన ‘బెస్ట్ ఫ్రెండ్స్’ ఆశ్రయం వయసులో మునిమనవడి లాంటిది. దాని వెనకా మతం ఉంది. స్థాపకుల్లో చాలామంది 1960లలో లండన్‌లో మొదలైన ‘ప్రాసెస్ చర్చి’ అనే వింత శాఖ నుంచి వచ్చినవాళ్లే. ఎవరికీ అక్కర్లేని కుక్కకైనా బతికే హక్కుందన్న పట్టుదల అక్కడెంతో ఇక్కడా అంతే.

తేడా డబ్బు దగ్గర మొదలవుతుంది. పాంజ్రాపోల్‌ను పోషించింది వ్యాపారం మీద కోత. సరుకు చేతులు మారినప్పుడల్లా బేరానికింత అని ధర్మం కింద పక్కన పెట్టేవారు. ఆ సేఠ్ కుక్క మొహం చూసి ఇవ్వలేదు. అసలు చూశాడో లేదో. కనాబ్ వాళ్లు మాత్రం మొదట్లో సూపర్ మార్కెట్ల ముందు బల్ల వేసుకుని చిల్లర పోగుచేశారు. తర్వాత ప్రతి కుక్కకూ ఒక పేరు, ఒక కథ. ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ నడిపిన కుక్కపందేల ముఠా నుంచి విడిపించిన 22 కుక్కలు 2008లో అక్కడికి చేరాయి. అదే ఏడాది ఆ ఆశ్రయం మీద ‘డాగ్‌టౌన్’ టీవీ కార్యక్రమమూ వచ్చింది. కుక్క మొహమే అక్కడ హుండీ.

ఏది మేలు? కోత గుడ్డిది, అందుకే తప్పకుండా వస్తుంది. గుడ్డిది కాబట్టే లోపల కుక్క ఎలా ఉందో అడగదు. మొహం చూసి ఇచ్చినవాడు అడుగుతాడు, కానీ వాడి మనసు నెలనెలా మళ్లీ గెలుచుకోవాలి.

చంపకపోవడమంటే ఏమిటన్నదీ రెండు చోట్లా ఒకటి కాదు. పాంజ్రాపోల్‌లో ఎంత నరకయాతన పడుతున్నా ఆయువు తీరేదాకా ఉంచడమే అహింస. అమెరికా ‘నో కిల్’ లెక్కలో నూటికి తొంభై ప్రాణాలు నిలిస్తే చాలు. మిగతా పది నయంకాని జబ్బువో, మచ్చిక కాని ప్రమాదకరమైనవో. పాంజ్రాపోల్‌ను పోషించిన జైన సేఠ్ ఈ లెక్క వింటే చెవులు మూసుకునేవాడు. అయితే ఆ తొంభై వచ్చేది కుక్కల్ని దాచుకోవడం వల్ల కాదు. దత్తతకో, కొన్నాళ్లు సాకే ఇంటికో బయటికి పంపడం వల్ల. పాంజ్రాపోల్‌కు లోపలికే గేటు.

1926లో అహ్మదాబాద్ మిల్లు యజమాని ఒకరు 60 వీధికుక్కల్ని చంపించినప్పుడు గాంధీ ఆయన్ని సమర్థించడం, ఆ పైన గాంధీ పత్రిక ‘యంగ్ ఇండియా’కు ఉత్తరాలు వెల్లువెత్తడం తెలిసిందే. దయ ఉన్నవాడు వీధిలో ముద్ద పడేసి పోకుండా కుక్క బాధ్యత తీసుకోవాలన్నది గాంధీ వాదం. చంపడం సంగతి పక్కన పెడితే, ఈ మాట పాంజ్రాపోల్ కంటే కనాబ్‌కే దగ్గర.

మన చట్టం మూడో దారి పట్టింది. 2001 నిబంధనలైనా, 2023 నిబంధనలైనా ఆపరేషన్ చేసి, టీకా వేసి కుక్కను దాని వీధికే వదలమంటాయి. కాబట్టి హైదరాబాద్, విశాఖ శివార్ల షెల్టర్లలో చివరికి మిగిలేవి బండి కింద పడి నడుము విరిగినవీ, చూపు పోయినవీ. దత్తతకు వచ్చేవాళ్లు లాబ్రడార్ కోసం చూస్తారు, నాటుకుక్క కోసం కాదు. మనవాళ్లు సేఠ్‌ల దగ్గర నుంచి ఏ కుక్కనూ కాదనలేని మనసు తెచ్చుకున్నారు, కనాబ్ నుంచి ఫొటో పెట్టి అడిగే పద్ధతి తెచ్చుకున్నారు. అక్కడి సాకే ఇళ్లు రాలేదు, ఇక్కడి కోతా నిలవలేదు. రెండు ఖర్చులు కలిశాయి గానీ రెండు ఆదాయాలు కలవలేదనే నా ఫిర్యాదు. కట్టు కట్టిన కాలు ఫొటో పెడితే క్యూఆర్ కోడ్‌కు సాయంత్రానికల్లా ఆపరేషన్ డబ్బు వస్తుంది. ఫినాయిల్‌కు, కరెంటు బిల్లుకు, రాత్రి కాపలావాడి జీతానికి ఏ ఫొటో పెట్టాలి?

కోత పూర్తిగా పోయిందనీ అనలేం. షెల్టర్ వంటపాకలో పెద్ద డేగిసాలో నూకలతో ఉడికే కోడి మెడలు, కాళ్లు చికెన్ కొట్లవాళ్లు ఊరికే ఇచ్చేవే. ఆ కొట్టతనికి ఏ కుక్క పేరూ తెలియదు, ఎవరూ రసీదు రాయరు. ఆదివారం బేరం బాగా సాగితే మాత్రం బకెట్టు నిండుగా వస్తుంది.