ముందు మాట రాయి, తర్వాతే బెలూన్ గీయి

బడి నోటుబుక్కుల వెనక పేజీలు తిప్పితే పిల్లలు సొంతంగా గీసుకున్న బొమ్మల కథలు ఎన్నో కనిపిస్తాయి. బొమ్మ చక్కగా వేసే పిల్లలు కూడా మాటల దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. మాటల బెలూన్ ముందే గీసేస్తారు. దాంట్లో మాటలు కుక్కుతారు. చివరి అక్షరాలు చీమల్లా సన్నబడి అంచుకు గుద్దుకుంటాయి. నల్లగొండ, పాలమూరు బడుల్లో పిల్లలతో గోడపత్రికలు, లిఖితపత్రికలు నడిపించిన ఒక ఉపాధ్యాయుడు ఆ ఒక్క తడబాటును పట్టుకుని పుస్తకమంతా రాశాడు. డ్రాయింగు సారుగా బతుకంతా గడిపిన నాకు ఇది చదువుతుంటే కడుపు నిండింది.

ఇంగ్లీషు కామిక్కుల్లో మాటలు ఎక్కువగా పెద్దక్షరాల్లో ఉంటాయి. ఒకటే ఎత్తు కాబట్టి రెండు గీతలు కొట్టుకుంటే పని నడుస్తుంది. మనకు అట్లా కుదరదు. తలకట్టు, గుడి, ఏత్వం పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగిలిందంటే చదివే కన్ను అక్కడే ఆగిపోతుంది. అందుకని ఇతను నాలుగు గీతలు కొట్టమంటాడు. నడిమి రెండింటి మధ్య అక్షరం ఒళ్లు, పైన గుణింతం, కింద వత్తు. పెన్సిలుతో మాట రాసి, దాని చుట్టూ కాస్త గాలి ఆడేటట్టు బెలూన్ గీసి, ఆ తర్వాతే సిరా పెట్టాలి. మాటకు ఎంత చోటు పట్టిందో తేలినాకే మనిషి బొమ్మ ఎక్కడ నిలబడాలో తేలుతుంది. గీతలు లేత నీలం పెన్సిలుతో కొడితే జిరాక్సులో చాలావరకు రావు, చెరిపే పని పెద్దగా ఉండదు. ఇట్లాంటి కిటుకులు చేసి చూసినవాడే చెప్పగలడు.

ఫ్లెక్సీలు రాకముందు మన ఊళ్లలో దుకాణాల బోర్డులు, గోడల మీద ఎన్నికల రాతలు రాసిన ఆర్టిస్టులకు ఈ విద్య చేతిలోనే ఉండేది. పదం మొత్తం ఎంత జాగా తింటుందో సుద్దతో గుర్తు పెట్టుకోనిదే వాళ్లు రంగులో కుంచె ముంచేవాళ్లు కాదు. ఆ పనితనాన్ని ఇతను కాగితం మీదికి తెచ్చాడు.

బాపు అక్షరాల గురించి రాసిన పేజీలు నాకు మరీ నచ్చాయి. పెళ్లిపత్రికల నుంచి సినిమా టైటిళ్ల దాకా ఆయన రాత తెలుగువాళ్ల కళ్లలో పాతుకుపోయింది. ఆయన చేతిరాత కంప్యూటర్ ఫాంటు కూడా అయింది. అయినా పిల్లలు మొదటే దాన్ని అనుకరించొద్దంటాడు ఇతను. నేనూ అదే అంటాను. బాపు రాతలోని వంపు ఆయన గీతలోంచి పుట్టింది. అయిదో తరగతి పిల్ల బొమ్మ పక్కన పెడితే అది ఎరువు తెచ్చిన నగలాగే ఉంటుంది. ఆ పిల్ల బొమ్మకు ఆ పిల్ల రాతే అందం.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లా గీతకు పేరుంది. సూర్యాపేట ప్రాంతం నుంచి వచ్చిన కార్టూనిస్టు శేఖర్, క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా కులం మీద కార్టూన్లు గీసి, 2014 మేలో మనల్ని విడిచిపోయాడు. అదే ఏడాది నల్లగొండకు చెందిన పామర్తి శంకర్ వేసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రి వచ్చింది. అది మాట అక్కర్లేని బొమ్మ. కథ నడవాలంటే మాత్రం మనుషులు మాట్లాడాలి. వాళ్లు ఏ భాషలో మాట్లాడాలి?

ఇక్కడే ఈ పుస్తకం నన్ను గెలుచుకుంది. 'ఎక్కడికి వెళుతున్నావు' అని రాసిన పిల్లవాణ్ని, మీ అమ్మ అట్లనే అడుగుతదా అని అడుగుతాడు. పిల్లవాడు 'యాడికి వోతున్నవ్' అని తిరగరాస్తాడు. బెలూన్‌లో చోటూ మిగులుతుంది, బొమ్మలో అమ్మా కనిపిస్తుంది. మర్రిగూడ దిక్కు పిల్లలు ఫ్లోరైడు నీళ్ల మీద కథ గీసినా, పాలమూరు పిల్లలు బొంబాయికి వలసపోయిన నాయన మీద గీసినా ఇంటిమాటే నోట్లో ఉండాలి. నిజాం కాలంలో చదువు ఉర్దూలో సాగుతుంటే, 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టాడు. తెలుగు అక్షరానికి అంత కష్టపడి చోటు సంపాదించిన నేల ఇది. ఇక్కడి పిల్లలు తమ మాటను తమ చేత్తో రాసుకోవడం నాకు పెద్ద విషయం.

అచ్చు ఖర్చు లేని దారి కూడా చూపించాడు. ఢిల్లీలో శరద్ శర్మ నడిపే వరల్డ్ కామిక్స్ ఇండియా వాళ్లు నాలుగు గడుల కథను రెండు ఏ4 కాగితాల మీద గీయించి, జిరాక్సు తీసి, అతికించి గోడకు పెట్టిస్తారు. మన బడి గోడకు, పంచాయతీ గోడకు సరిగ్గా సరిపోయే కొలత.

రెండో ముద్రణకు ఒకటి అడుగుతున్నాను. మన బజార్లలో తెలుగు, ఉర్దూ బోర్డులు పక్కపక్కన ఉండేవి. ఇప్పటికీ ఒకే బెంచీ మీద రెండు భాషల పిల్లలు కూర్చుంటారు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఒకే గడిలో ఇద్దరు దోస్తులు చెరో లిపిలో మాట్లాడితే ఎవరి బెలూన్ ఎటు పెట్టాలి, ఏది ముందు చదవాలి? దీని మీద ఒక అధ్యాయం కావాలి. ఉర్దూ రాత తెలిసిన ముసలివాళ్లు నల్లగొండలో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఇతనే రాయాలి.