పూసలు గుచ్చించిన టీచరమ్మ

మా అమ్మాయి అంగన్‌వాడీ చదువు ముగించి ఒకటో తరగతికి వెళ్తోంది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అందులో సగం వాటా టీచరమ్మదే.

అంగన్‌వాడీలను నడిపే, 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు ఓ భాగం. వినడానికి తేలికే, చేసేవాళ్లకే తెలుస్తుంది కష్టం. ఏడ్చే పిల్లను చంకనేసుకుని, ఇంకో పిల్లాడికి రంగు పూసలు గుచ్చడం చూపాలి. ఆ పూసల్లో పెద్ద చదువే ఉంది. దారం పట్టిన వేళ్లే రేపు పెన్సిల్ పడతాయి. ఎరుపు తర్వాత పసుపు, మళ్లీ ఎరుపు అంటూ వరస తప్పకుండా గుచ్చితే లెక్కలకు పునాది పడ్డట్టే. అభినయ గేయాలతో నోరు తిరుగుతుంది. ఇవి కాక టీచరమ్మ మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు పెట్టించాలి. పిల్లల బరువు తూచి రాయాలి. గర్భిణులను, బాలింతలను పలకరించాలి.

ఇప్పుడు మా పిల్ల చేతులు కడుక్కోనిదే కంచం ముందు కూర్చోదు. తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. చెప్పులు వరసగా విడుస్తుంది. ఇవన్నీ నేను నేర్పినవి కావు.

పెద్ద బడిలో చేర్పించేముందు మీ పిల్లలను కూడా వాళ్ల అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్లి దండం పెట్టించండి. తొలి గురువు ఆవిడే.